అడగండి, చెబుతాను: నాలుగుసార్లు ఎమ్మెల్యే అంటే ఏమిటి?

శాసనసభలో తెలుగు షార్ట్‌హ్యాండ్ రిపోర్టరుగా 1981 నుంచి 2013 వరకు పనిచేశాను. స్పీకర్ గారి ఎదురుగా ఉండే బల్ల దగ్గర కూర్చుని, కొద్ది నిమిషాలకొకరం మారుతూ, సభ్యులు మాట్లాడిన ప్రతి మాటా రాసుకునేవాళ్ళం. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. చాలాకాలం ఎమ్మెల్యేగా ఉన్న మనిషి జీవితాన్ని ఎలా చూడాలని అడిగారు. నాకు చాలా ఇష్టమైన సంగతి, అందుకని ఈ నెల పేజీ అంతా దానికే ఇస్తున్నాను.

ప్రశ్న: అమ్మా, నేను డిగ్రీలో పొలిటికల్ సైన్స్ చదువుతున్నాను. వావిలాల గోపాలకృష్ణయ్య గారి మీద ప్రాజెక్ట్ రాయమన్నారు. సత్తెనపల్లి నుంచి నాలుగుసార్లు గెలిచారు, పద్మభూషణ్ వచ్చింది, ఖద్దరు కట్టేవారు. ఇంతకుమించి దొరకలేదు. ఇది అరపేజీ కూడా రాలేదు. ఇంకా నెల రోజులే ఉంది, టెన్షన్‌గా ఉంది. ఒక ఎమ్మెల్యే ఇన్నేళ్ళు సభలో ఏం చేశారో ఎక్కడ వెతకాలి?
— ఒక విద్యార్థిని, పల్నాడు జిల్లా

జవాబు: టెన్షన్ పడకు తల్లీ. నీ దగ్గరున్న ఆ అరపేజీలోనే చాలా ఉంది.

ఆయన గెలిచిన సంవత్సరాలు ఒక కాగితం మీద వరసగా రాసుకో. 1952, 1955, 1962, 1967. మధ్యలో ఎన్నేళ్ళ తేడా ఉందో చూడు. మొదట మూడేళ్ళు, తరవాత ఏడేళ్ళు, ఆపైన ఐదేళ్ళు. శాసనసభ గడువు ఐదేళ్ళు కదా, మరి ఈ మూడేమిటి, ఏడేమిటి అని నీకు అనుమానం రావాలి. దానికి జవాబు వెతికితే నీ ప్రాజెక్టు సగం అయిపోతుంది.

1952లో ఆయన వెళ్ళింది మద్రాసు శాసనసభకు. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, రాజధాని కర్నూలు. మన ప్రాంతం నుంచి మద్రాసుకు వెళ్ళిన సభ్యులంతా అక్కడికి వచ్చారు. ఏడాది దాటిన కొద్దిరోజులకే, 1954 నవంబరులో, మద్యనిషేధం విషయంలో ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం అవిశ్వాస తీర్మానంలో ఓడిపోయింది. అందుకే 1955లో మధ్యంతర ఎన్నికలు. ఆ మరుసటి ఏడు నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 1957లో దేశమంతా సాధారణ ఎన్నికలు జరిగినా, మన రాష్ట్రంలో శాసనసభకు తెలంగాణ ప్రాంతంలో మాత్రమే జరిగాయి. ఆంధ్ర ప్రాంతం నుంచి 1955లో గెలిచినవాళ్ళు 1962 దాకా కొనసాగారు. ఆ ఏడేళ్ళు అవే.

కాబట్టి ఆయన ఒకే నియోజకవర్గం మనిషి, కానీ కూర్చున్నది మద్రాసు, కర్నూలు, హైదరాబాదు సభల్లో. నువ్వు వెతకాల్సిన పుస్తకాలు కూడా మూడు రకాలు: మద్రాసు శాసనసభ చర్చలు, ఆంధ్ర శాసనసభ చర్చలు, ఆంధ్రప్రదేశ్ శాసనసభ చర్చలు. సభలో అన్న ప్రతి మాటా అచ్చయి, బైండు చేసి ఉంటుంది. శాసనసభ లైబ్రరీకి మీ కాలేజీ నుంచి ఒక ఉత్తరం పట్టుకెళ్ళు. పాత సంపుటాలు అట్టలు ఊడిపోయి ఉంటాయి, జాగ్రత్తగా తిప్పు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఐదేళ్ళలో పూర్తయ్యే పనిని మొదటిసారి గెలిచిన కుర్రవాడు కూడా చేయించగలడు. ఐదేళ్ళలో కాని పనులుంటాయి. ప్రభుత్వాలు మారతాయి, మంత్రులు మారతారు, ఫైలు ఒక సెక్షన్ నుంచి ఇంకో సెక్షన్‌కి పోతుంది. ఆ పని ఎక్కడ మొదలైందో, ఎవరు ఏ రోజు ఏం మాటిచ్చారో గుర్తుపెట్టుకుని అడిగే మనిషి ఒకరు సభలో ఉండాలి. చాలాసార్లు గెలిచిన ఎమ్మెల్యే వల్ల ప్రజలకు కలిగే పెద్ద లాభం ఇదేనని నేను నమ్ముతాను.

వావిలాల వారి విషయంలో నాగార్జునసాగర్ చూడు. నందికొండ దగ్గర ప్రాజెక్టు కట్టాలని పట్టుపట్టి తిరిగినవాళ్ళలో ఆయన ఒకరు. (ఇది ఒక్కరి కష్టమని మాత్రం రాయకు. ముక్త్యాల రాజా గారి పేరు తప్పకుండా రావాలి.) 1955 డిసెంబర్ 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. అప్పటికి వావిలాల వారు రెండోసారి గెలిచి ఏడాది కాలేదు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు కాలువలకు నీళ్ళు వదిలారు. అప్పటికి ఆయన నాలుగోసారి సభలో ఉన్నారు. పునాదిరాయికీ నీళ్ళకీ మధ్య దాదాపు పన్నెండేళ్ళు గడిచాయి, ఆ పన్నెండేళ్ళూ ఆయన సభ్యుడే. ఆ కాలం సంపుటాల్లో నీటిపారుదల పద్దుల మీద, అంటే ఆ శాఖకు బడ్జెట్‌లో అడిగిన డబ్బు మీద, చర్చ జరిగిన రోజులు తియ్యి. ఆయన ఏమడిగారో, ఏం జవాబొచ్చిందో స్వయంగా చదివి రాయి.

రెండోది తెలుగు. అధికార భాషా చట్టం 1966లో వచ్చింది, అంటే ఆయన మూడో విడత కాలంలో. తరవాత 1974లో అధికార భాషా సంఘం ఏర్పడినప్పుడు మొదటి అధ్యక్షుడు ఆయనే. అప్పటికి ఆయన సభలో లేరు. సభలో ఉండగా పట్టుకున్న విషయాన్ని బయటికి వచ్చాక కూడా వదలలేదు. ఇది నీ ప్రాజెక్టులో ఒక అధ్యాయం అవుతుంది.

నేను ఉద్యోగంలో చేరేనాటికి ఆయన సభలో లేరు కాబట్టి, ఆయన మాటలు నా చేత్తో రాసుకునే అదృష్టం కలగలేదు. కానీ అలాంటి స్వభావం ఉన్న ఇంకో సభ్యుణ్ణి చాలా ఏళ్ళు దగ్గరగా చూశాను. ఆయన పేరు, జిల్లా రాయను. ఆయన చేసిన పని మాత్రం నీకు తెలియాలి, సంపుటాలు ఎలా చదవాలో దాంతో అర్థమవుతుంది.

ఆయన నియోజకవర్గంలో ఒక వాగు ఉంది. వానాకాలంలో అవతల ఉన్న ఊళ్ళకు దారి ఉండదు. ఆయన మొదటిసారి గెలిచినప్పుడు దాని మీద నక్షత్ర గుర్తు ప్రశ్న (మంత్రి సభలోనే నోటితో జవాబు చెప్పాల్సిన ప్రశ్న) వేశారు. ఫలానా వాగుపై వంతెన నిర్మించే ప్రతిపాదన ప్రభుత్వం వద్ద ఉన్న విషయం వాస్తవమేనా, అయినచో ఎప్పటిలోగా పూర్తి చేస్తారు అని. జవాబు: "లేదండి." రెండో భాగానికి: "ప్రశ్న ఉత్పన్నం కాదు." కొత్త సభ్యులు చాలామంది అక్కడితో వదిలేస్తారు. ఈయన వదల్లేదు. ఆ బడ్జెట్ సమావేశాల్లోనే రోడ్ల పద్దు మీద కోత తీర్మానం ఇచ్చారు. కోత తీర్మానం అంటే ఆ పద్దులో 100 రూపాయలు తగ్గించాలని కోరడం. తగ్గించడం కోసం కాదు, ఆ పేరు చెప్పి తన ఊరి బాధను ఆ పద్దు కింద రికార్డులోకి ఎక్కించడం కోసం.

తరవాతి ఏళ్ళలో అదే ప్రశ్నకు జవాబు "పరిశీలనలో ఉంది" అయింది. ఇంకొన్నాళ్ళకు "అంచనాలు తయారవుతున్నాయి", ఆపైన "నిధుల లభ్యతను బట్టి". ఒక రోజు మంత్రి గారు లేచి, వచ్చే ఆర్థిక సంవత్సరంలో మొదలుపెడతామని సభలో చెప్పారు. అలా చెప్పిన మాటను చూసుకోవడానికి ప్రభుత్వ హామీల సంఘం అని ఒకటి ఉంటుంది. పని మొదలుకాకపోతే అది శాఖను పిలిచి అడుగుతుంది. మంత్రి గారు ఆ మాట అన్న సాయంత్రమే ఈయన మా గదికి వచ్చి, ఆ వాక్యం అచ్చంగా అలాగే ఎక్కిందా అని చూసుకున్నారు. తేదీ రాసుకున్నారు. ఆయన దగ్గర నల్ల అట్ట డైరీ ఒకటి ఉండేది, దానికి నాడా కట్టుకునేవారు.

మధ్యలో ఒక ఎన్నికల్లో ఓడిపోయారు. గెలిచిన కొత్త సభ్యుడికి వాగు కాగితాలన్నీ జెరాక్స్ తీయించి ఇచ్చారని ఆ కొత్త సభ్యుడే మాకు చెప్పారు. ఆ ఐదేళ్ళూ ప్రశ్న ఇంకొకరి పేరుతో కొనసాగింది. ఈయన మళ్ళీ గెలిచి వచ్చాక, ఒక ఉదయం ప్రశ్నోత్తరాల్లో నేను రాసుకున్న జవాబు ఇది: పని పూర్తయింది, రాకపోకలు సాగుతున్నాయి. ఆయన ఆ జవాబు మీద మళ్ళీ అడిగే అనుబంధ ప్రశ్న వేయలేదు. "ధన్యవాదాలు అధ్యక్షా" అని కూర్చున్నారు. నా పెన్సిల్ ఒక్క క్షణం ఆగింది, పక్కనున్న సహోద్యోగి మోచేత్తో తట్టింది.

ఆ సభ్యుడి గురించి ఇంకో మాట. మాట్లాడబోయే ముందు ఊళ్ళ పేర్లన్నీ చిన్న చీటీ మీద రాసి మా బల్ల మీద పెట్టేవారు, తప్పు పడకుండా. ఆయన నియోజకవర్గంలో ఒకే పేరుతో రెండు ఊళ్ళుండేవి, ఒకటి పాతది, ఒకటి కొత్తది. ఏది అన్నారో సరిగా ఎక్కకపోతే రోడ్డు వేరే ఊరికి పోతుందని ఆయన భయం. ఒకసారి ఎకరాల లెక్క తప్పు చెప్పారు. సాయంత్రం చూసుకుని గుర్తుపట్టారు. భాషాదోషాలు దిద్దుకోవచ్చు గానీ, అర్థం మారేలా దిద్దకూడదన్నది నిబంధన. ఆ నిబంధన ఎరిగి కూడా ఎందరో మమ్మల్ని బతిమాలేవారు. ఈయన మాత్రం, "నేనన్న మాటేనమ్మా, ఉండనీ. రేపు సభలోనే సరిచేస్తాను" అన్నారు. మర్నాడు లేచి సరిచేశారు. రెండూ రికార్డులో ఉన్నాయి.

నువ్వు సంపుటాలు తెరిచినప్పుడు ఇదే చూడు. ఒక విషయం మీద ఎన్నేళ్ళు అడిగారు, జవాబు ఎలా మారుతూ వచ్చింది, తప్పు చెప్పినప్పుడు ఏం చేశారు.

ప్రశ్న: మా ప్రాంతంలో ఐదుసార్లు గెలిచినా మంత్రి కానివాళ్ళున్నారు. మంత్రి పదవి రాకపోతే అన్నేళ్ళ ఎమ్మెల్యేగిరీ వృథాయే కదా?
— భద్రాద్రి కొత్తగూడెం జిల్లా పాఠకుడు

జవాబు: ఈ మాట నాకు బాధ కలిగిస్తుందండీ. 2003లో వచ్చిన 91వ రాజ్యాంగ సవరణ ప్రకారం మంత్రుల సంఖ్య ముఖ్యమంత్రితో కలిపి సభ్యుల్లో 15 శాతానికి మించకూడదు. తెలంగాణలో 119 మంది ఎమ్మెల్యేలుంటే మంత్రులు 18 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 175 మందికి 26 మంది. మిగతావాళ్ళంతా వృథాయేనా? అసలు మంత్రి అయ్యాక ఎమ్మెల్యే ప్రశ్న వేయడు, జవాబు చెబుతాడు. మంత్రిని నిలదీసే పని మంత్రి కానివాళ్ళదే.

మీ ప్రాంతం అన్నారు కాబట్టి ఇల్లందు నుంచి గెలిచిన గుమ్మడి నర్సయ్య గారి పేరే చెబుతాను. 1983, 1985, 1989, 1999, 2004, మొత్తం ఐదుసార్లు గెలిచారు. ప్రభుత్వం నడిపే అవకాశం ఎప్పటికీ రాని చిన్న విప్లవ కమ్యూనిస్టు పార్టీ ఆయనది, కాబట్టి మంత్రి పదవి ఆశ చూపి ఎవరూ ఓటు అడగలేదు, వేయలేదు. 1994లో ఓడిపోయినా జనం మళ్ళీ పిలుచుకున్నారు. సైకిల్ మీద, బస్సులో తిరిగే ఎమ్మెల్యేగా రెండు రాష్ట్రాల్లోనూ ఆయన పేరు తెలుసు. గన్నవరం నుంచి గెలిచిన పుచ్చలపల్లి సుందరయ్య గారు కూడా మంత్రి కాలేదు. వాళ్ళను వృథా అనగలమా?

పద్దుల సంఘం, అంచనాల సంఘం, హామీల సంఘం వంటివి కూడా ఉన్నాయి. అక్కడ టీవీ కెమెరాలుండవు. ఒక ఇంజనీరును ఎదురుగా కూర్చోబెట్టి, ఈ బిల్లు ఎందుకు రెండింతలైందని అడిగే చోటది. అక్కడ కొత్తవాళ్ళకంటే మూడు నాలుగుసార్లు గెలిచినవాళ్ళే ఎక్కువ రాబట్టగలరు. పాత లెక్క గుర్తుండాలి కదండీ.

ప్రశ్న: కొత్త సభ మొదలైనప్పుడు ప్రొటెం స్పీకర్‌గా సీనియర్‌నే ఎందుకు పెడతారు? అది రూలా?
— రాజమహేంద్రవరం పాఠకురాలు

జవాబు: రూల్ కాదండీ, ఆనవాయితీ. స్పీకర్, డిప్యూటీ స్పీకర్ ఇద్దరూ లేనప్పుడు గవర్నర్ ఒక సభ్యుణ్ణి నియమించవచ్చని రాజ్యాంగం 180వ అధికరణం చెబుతుంది. సీనియర్ అయి ఉండాలని అందులో లేదు. 188వ అధికరణం ప్రకారం సభ్యులంతా ప్రమాణం చేయాలి. ఆ ప్రమాణాలు చేయించి, స్పీకర్ ఎన్నిక జరిపించడంతో ఆయన పని ముగుస్తుంది. 2024లో మీ ఊరివారే అయిన గోరంట్ల బుచ్చయ్య చౌదరి గారు ఆ కుర్చీలో కూర్చున్నారు, ఆయన మొదట గెలిచింది 1983లో. తెలంగాణలో 2023 డిసెంబరులో అక్బరుద్దీన్ ఒవైసీ గారు.

ప్రశ్న: అమ్మా, మా మామగారు మూడుసార్లు ఎమ్మెల్యే. ఓడిపోయి ఎనిమిదేళ్ళయింది. ఒకప్పుడు పొద్దున్నే వాకిలి నిండా జనం ఉండేవాళ్ళు, నేను వంద కప్పుల టీ పెట్టేదాన్ని. ఇప్పుడు ఎవరూ రారు. ఆయన మాట్లాడటం తగ్గించేశారు. పైగదిలో అర్జీలు, ఉత్తరాలు, ఫైళ్ళు నేల నుంచి కిటికీ దాకా ఉన్నాయి. పాత పేపర్ల వాడికి వేసేద్దామని మావారు అంటున్నారు. మామగారు ఏమీ అనడం లేదు. ఏం చేయమంటారు?
— ఒక కోడలు, ప్రకాశం జిల్లా

జవాబు: అమ్మా, వేయనివ్వకండి. ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నిటిలో మీదే నన్ను రాత్రి నిద్రపోనివ్వలేదు.

సభలో అన్న మాటలు సంపుటాల్లో ఉంటాయి, అవి ఎక్కడికీ పోవు. కానీ ఆ మాట వెనక ఏ ఊరి నుంచి ఏ ముసలాయన వచ్చి ఏ కాగితం ఇచ్చాడో, కలెక్టరు ఏం రాశాడో, మంత్రి సంతకంతో ఏ జవాబొచ్చిందో అవి మీ పైగదిలోనే ఉన్నాయి. ఇంకెక్కడా లేవు. పై ఉత్తరంలో ఆ అమ్మాయి నాలుగుసార్లు గెలిచిన మనిషి గురించి అరపేజీ దాటలేకపోయింది చూడండి. అలాంటి గదులు ఖాళీ అయిపోవడం వల్లే ఇలా జరుగుతోందని నాకనిపిస్తుంది.

ఆయన ఏమీ అనడం లేదంటే సరేనన్నట్టు కాదమ్మా. వద్దని చెప్పడానికి నోరు రావడం లేదేమో. ఏళ్ళ తరబడి జనం కష్టాలు విన్న మనిషికి ఒక్కసారిగా ఇల్లు నిశ్శబ్దమైపోతే ఆ బాధ ఎవరికి చెప్పుకుంటారు? మా గదికి వచ్చే మాజీ సభ్యుల్లో దీన్ని చూశాను. లాబీలో కాసేపు నిలబడి, తెలిసిన అటెండరును పలకరించి వెళ్ళిపోయేవారు. ఓటమి ఎవరికైనా వస్తుంది. మహారాష్ట్రలో సాంగోలా నుంచి 11 సార్లు గెలిచిన గణపతరావు దేశ్‌ముఖ్ గారు కూడా మధ్యలో 1972లో, 1995లో ఓడిపోయారు. మామగారికి ఈ మాట మీరు చెప్పనక్కర్లేదు, మీ ధైర్యానికి చెబుతున్నాను.

పని ఇలా మొదలుపెట్టండి. అన్నీ ఒకేసారి దింపకండి, చూసి ఆయనే భయపడతారు. రోజూ ఒక కట్ట కిందికి తెచ్చి, ఆయన కుర్చీ పక్కన పెట్టి, "మామయ్యగారూ, ఇది ఏ ఊరిదండీ?" అని అడగండి. మండలం వారీగా వేరు చేయండి, దాని లోపల సంవత్సరం వారీగా. పిన్నులు తుప్పు పట్టి ఉంటాయి, తీసేసి నూలుదారం కట్టండి. ప్లాస్టిక్ సంచుల్లో పెట్టకండి, చెమ్మ పడుతుంది. ఎండు వేపాకు మధ్య మధ్యలో వేయండి. డైరీలుంటే వాటికి వేరే అర ఇవ్వండి, అవి చాలా విలువైనవి.

ఆయన చెబుతున్నప్పుడు ఫోన్‌లో రికార్డు చేయండి. ముందే అడిగి చేయండి, దొంగతనంగా వద్దు. మొదటి రోజు రెండు ముక్కలే చెప్పవచ్చు. తొందరపెట్టకండి. ఇంటి పిల్లలు ఎవరైనా పక్కన కూర్చుంటే ఇంకా మంచిది, మనవల దగ్గర తాతలు బాగా మాట్లాడతారు. జనం ఇచ్చిన అర్జీల్లో వాళ్ళ సొంత కష్టాలుంటాయి, రోగాలు, అప్పులు, కోర్టు గొడవలు. అవి బయటివాళ్ళకు చూపించకండి. రోడ్డు, బడి, చెరువు, కరెంటు వంటి ఊరి పనుల కాగితాలు మాత్రం, ఆయన ఒప్పుకుంటే, జిల్లా గ్రంథాలయంలోనో దగ్గర్లోని యూనివర్సిటీ చరిత్ర విభాగంలోనో తీసుకుంటారేమో అడగండి. ఇచ్చే ముందు ఫోటోలు తీసి పెట్టుకోండి.

ఏ సమావేశంలో ఏ ప్రశ్న వేశారో ఆయనకు గుర్తున్నవి రాసి నాకు పంపండి. సంపుటాల్లో అవి ఎక్కడ దొరుకుతాయో, ఎలా వెతకాలో నేను చెబుతాను. ముందుగా మాత్రం ఆ గది తలుపు వేసి, పాత పేపర్ల వాడికి ఈ నెల రావొద్దని కబురు చేయండి.